నీరు పట్టిన కోడలు

నన్ను చూసి జనం "ఒళ్లు చేసినవ్" అని మెచ్చుకున్నది నా జన్మలో ఒకే ఒక్కసారి. అదీ కడుపు కోయించుకుని దవాఖాన నుంచి ఇంటికొచ్చిన రోజుల్లో.

చిన్నప్పటి నుంచీ నేను సన్నపు మనిషినే. ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మేం కిరాయికున్న ఇంట్లో కొత్త కోడలుగా అడుగుపెట్టిన రోజే మా అత్తమ్మ నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "గాలొస్తే జర గోడ పట్టుకో బిడ్డా" అంది. ఆమె తీరే అంత. కడుపులో ఎంత ప్రేమున్నా నోట్లోంచి వచ్చేసరికి అది వెక్కిరింత అయిపోతుంది. నాకూ నోరు తక్కువేం కాదు కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది. అత్త మంచి, వేము తీపి ఎక్కడా ఉండవంటారు. మా ఇంట్లో వేప కాస్త తియ్యగానే ఉండేది, కాకపోతే రోజూ కాదు.

ఇది తొంభైల చివరి మాట. ఆబిడ్స్‌లో బస్సు, విమానం టికెట్లు అమ్మే ఒక ఆఫీసులో నేను టైపిస్టును. మా ఆయన నాంపల్లిలోనే ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆ ఏడు డిసెంబరులో నాకు కడుపునొప్పి మొదలైంది. అజీర్తి అనుకున్నాను. ఆఫీసు కింద బండి మీద గోలీసోడా తాగాను, వాము నమిలాను, టైపు మిషను ముందు వంగి కూచుని పళ్లు బిగపట్టాను. డాక్టరు దగ్గరికి పొమ్మని మా ఆయన అంటే, "చిన్న నొప్పికి అంత హడావుడి ఎందుకు" అని కసిరాను. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు పెద్దలు. ఒక మధ్యాహ్నం కుర్చీలోంచి లేవబోయి అక్కడే కూలబడ్డాను. ఆఫీసు వాళ్లు నన్ను ఆటోలో వేసుకుని దగ్గర్లో ఉన్న ఒక నర్సింగ్ హోముకు తీసుకెళ్లారు. అపెండిక్స్ లోపలే పగిలిందట. ఆ సాయంత్రమే కోశారు.

తర్వాత కొన్నాళ్లు నా నోట్లోకి మెతుకు లేదు, చుక్క నీళ్లు లేవు. అంతా చేతి నరంలోంచే. తలకాయ పక్కన ఇనుప కడ్డీకి సెలైన్ సీసా వేలాడుతూ ఉండేది, అది అయిపోతే ఇంకోటి. పెదాలకు తడిగుడ్డ అద్దేవారు. ఇలా ఉపవాసం పడుకున్న మనిషి ఎండిపోవాలా వద్దా? నేనూ అదే అనుకున్నాను. లేచి నిలబడే సరికి పుల్లలా ఉంటానని, అత్తమ్మ కొత్త వెక్కిరింత ఏదో సిద్ధం చేసుకునే ఉంటుందని అనుకున్నాను.

మొదటిసారి నన్ను నడిపించి బాత్రూముకు తీసుకెళ్లినప్పుడు అక్కడి అద్దంలో ఎవరో లావుపాటామె కనిపించింది. తప్పుకుంటుందేమో అని ఆగాను. ఆమె కూడా ఆగింది. కళ్లు రెండూ పూరీల మధ్య గీతల్లా ఉన్నాయి. గాజులు మణికట్టు దగ్గర చర్మంలో దిగబడ్డాయి. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. నర్సు తూకం చూసి, ఆపరేషన్ ముందు రాసుకున్న బరువు చూసి, "ఆరు కిలోలు పెరిగిన్రు" అంది. ఆరు కిలోలు! ఏమీ తినకుండా! అదే జీతం అయ్యుంటే ఎంత బాగుండేది.

మా డాక్టరమ్మ నిదానస్తురాలు. మంచం పక్కన కూచుని చెప్పింది. "ఇది కండా కాదు, కొవ్వూ కాదమ్మా. ఉత్త నీరు. ఒంటికి పెద్ద దెబ్బ తగిలితే అది భయపడి ఉప్పునీ నీళ్లనూ బిగపట్టుకుని కూచుంటుంది. మీకు మేం సెలైను కూడా బాగా ఎక్కించాం. గాయం మానుతుంటే ఒళ్లే ఆ నీటిని వదిలేస్తుంది. మీకు గుండె, కిడ్నీలు అన్నీ బాగున్నాయి. మామూలుగా తినండి, తాగండి, రోజూ కాస్త నడవండి. పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకోండి."

ఈ మాటలు నేను విన్నాను, మా ఆయన విన్నాడు. మంచానికి అటువైపు నిలబడ్డ అత్తమ్మ కూడా విన్నది. కానీ "నీరు" అన్న దగ్గరే ఆమె చెవులు మూసుకుపోయాయి. మిగిలింది ఏదీ లోపలికి పోలేదు.

దానికి కారణం ఉంది. అత్తమ్మ ఇంకా లంగా జాకెట్టు వేసుకుని తిరిగే వయసులో వాళ్లమ్మకు కాళ్లకు నీరొచ్చింది. కాళ్ల నుంచి కడుపుకు పాకింది, కడుపు నుంచి మొహానికి ఎక్కింది. మొహానికి ఎక్కిన కొన్నాళ్లకే ఆమె పోయింది. అప్పటి నుంచి అత్తమ్మ లెక్కలో మనిషికి నీరు పట్టడమంటే యముడు వచ్చి అరుగు మీద కూచున్నట్టే. ఎవరి ఇంటికి పోయినా ముందు ముసలివాళ్ల పాదాలు చూస్తుంది. ఇప్పుడు నాకేమో కాళ్లకు, కడుపుకు, మొహానికి మూడింటికీ ఒకేసారి వచ్చింది. అత్తమ్మ నా గాజులను ఒక్కొక్కటే సబ్బు రాసి తీసింది. నాకు భయమేసింది నా గురించి కాదు, ఆమె ఏమీ వెక్కిరించనందుకు.

ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చేవాళ్ల వరస మొదలైంది. గౌలిగూడ నుంచి మా ఆయన మేనత్త వచ్చింది. నా బుగ్గలు చూసి చేటంత మొహం చేసుకుని, "ఏమొచ్చింది రంగు! గిప్పుడు కనవడుతున్నవ్ కోడలోలె. ఏ దవాఖాన్ల జేసిన్రు? మంచిగ జేసిన్రు" అంది. మా ఆఫీసు అమ్మాయిలు యాపిల్ పళ్లు తెచ్చి, "రెస్టు బాగా పడ్డట్టుంది అక్కా" అని ఒకళ్లనొకళ్లు గిచ్చుకున్నారు. అందరికీ నవ్వుతూ టీ ఇచ్చి పంపించిన అత్తమ్మ, తలుపు వేసి గొళ్లెం పెట్టగానే కొంగుతో మొహం తుడుచుకునేది.

మా ముందు వాటాలో టీచరమ్మ ఉండేది. మెదక్ వైపు క్రైస్తవుల కుటుంబం, అక్కడి మిషన్ బడిలో చదివి ఇక్కడ బడిలో పాఠాలు చెప్పేది. ఆమె రొట్టె, పాలు పట్టుకొచ్చి, "ప్రార్థన చేసుకోనా అమ్మా?" అని మర్యాదగా అడిగింది. అత్తమ్మ ఆమెకు పీట వేసింది. "చెయ్యి టీచరమ్మా, మంచిగ గట్టిగ చెయ్యి. ఏ దేవుడు ఖాళీగుంటే ఆయనే ఇంటడు." టీచరమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసినంతసేపూ అత్తమ్మ కూడా చేతులు కట్టుకుని నిలబడింది, ఆఖర్న ఆమెన్ కూడా అంది.

దేవుళ్ల సంగతి అలా ఉంచి, ఆమె తన వైద్యం తను మొదలుపెట్టింది. పథ్యం. కోసిన కడుపుకు పప్పు పెడితే చీము పడుతుంది. పెరుగు పెడితే జలుబు చేస్తుంది. వంకాయ అయితే దురద, గుమ్మడికాయ అయితే వాతం. ఇవన్నీ నాకు తెలిసినవే, బాలింతలకు మా అమ్మ కూడా ఇవే చెప్పేది. అత్తమ్మ అసలు పట్టు మాత్రం నీళ్ల మీద. ఒంట్లో నీరుంటే పైనుంచి ఇంకా నీళ్లు పోస్తారా ఎవరైనా? నిండిన కుండలో నీళ్లు పోస్తే ఏమైతది? ఆమెకు అది లెక్కలాగ తేటతెల్లం. నీళ్ల కుండ నా మంచం పక్క నుంచి లేచి వంటింట్లోకి పోయింది. నాకు దక్కేది పొద్దున ఇంత, మాపటికి ఇంత, అదీ కాచిన వేణ్నీళ్లు, చిన్న ఇత్తడి గ్లాసులో సగం.

అన్నంలోకి ఏం పెట్టేదో చెప్పాలి. పాత చింతకాయ తొక్కు. పథ్యానికి దాన్ని మించింది లేదని ఆమె నమ్మకం. ఎంత పాతదైతే అంత మంచిదట. మా ఇంట్లో ఉన్నది నా పెళ్లికంటే ముందు పెట్టింది. రంగు నల్లబడి, అంచున ఉప్పు పేరుకుని ఉండేది. వేడి అన్నంలో అంత తొక్కు, నువ్వుల నూనె, దంచిన వెల్లుల్లి. రెండు పూటలా అదే. మధ్యలో ఆకలంటే ఎండబెట్టిన మిరపకాయలు వేయించి ఇచ్చేది, వాటికీ ఉప్పు పట్టించే ఉండేది. నాకు చింతకాయ తొక్కంటే చచ్చేంత ఇష్టం. ఇన్నాళ్లు సెలైను తాగి చప్పబడ్డ నాలుకకు అది అమృతంలా తగిలింది. రెండోసారి, మూడోసారి అడిగి వేయించుకుని లొట్టలేసుకుంటూ తిన్నాను. అత్తమ్మ మురిసిపోయింది. "తిను బిడ్డా, గదే గుంజుతది నీరును" అనేది.

అది నీటిని గుంజింది, నిజమే. బయటికి కాదు, లోపలికి.

తొక్కు తిన్నాక దాహం వేయదా మరి? నాలుక పిడచకట్టుకుపోయేది. "అత్తమ్మా, కొంచెం నీళ్లు" అంటే, "జర ఓపిక పట్టు, మాపటికిస్త" అనేది. "దవాఖానలో తాగమన్నారు" అంటే, "వాళ్లకేం దెలుసు, వాళ్లు చూసిన్రా మా అమ్మను?" అనేది. నేను కోపంతో గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఆ కోపం కూడా ఎక్కువసేపు నిలిచేది కాదు, కుట్లు లాగేవి.

మా ఆయన సంగతి అడక్కండి. అమ్మ మాట కాదనలేడు, పెళ్లాం మొహం చూడలేడు. చివరికి ఒక సాయంత్రం ధైర్యం చేశాడు. ఆఫీసు నుంచి వస్తూ మొజంజాహీ మార్కెట్ దగ్గర కొబ్బరిబోండం కొట్టించి, పైన ముక్క మళ్లీ మూతలా పెట్టించి, సంచిలో ఫైళ్ల మధ్య నిలబెట్టుకుని తెచ్చాడు. సంచిని ఎత్తి పట్టుకుని, దీపం పట్టుకున్న పెళ్లికూతురులా మెల్లగా నడుస్తూ వచ్చాడు. సంచి అడుగు నుంచి బొట్టు బొట్టు కారుతోంది.

"సంచిల ఏంది?" అంది అత్తమ్మ.

"ఫైళ్లమ్మా."

"ఫైళ్లు కారుతయా?"

ఆయన నీళ్లు నమిలాడు. అత్తమ్మ సంచి అందుకుని బోండం బయటికి తీసింది. తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. గొట్టం వేసి ఆయన చేతిలోనే పెట్టింది. "తెచ్చినవ్ గద, తాగు. పైసలు పెట్టి కొన్నది పారబోస్తరా?" ఆయన నా మంచం ముందు నిలబడి, నా కళ్లలోకి చూస్తూ, చివరి చుక్క దాకా తాగాడు. అడుగున గొట్టం గరగరమన్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు.

రోజూ పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి అత్తమ్మ కాళ్ల దగ్గర కూచుని ఉండేది. బొటనవేలితో నా మోకాలి కింద ఎముక మీద గట్టిగా ఒత్తి, వేలు తీసి చూసేది. అక్కడ గుంట పడేది, పిండిలో వేలు పెట్టినట్టు. ఆ గుంట పూడడానికి చాలాసేపు పట్టేది. ఆమె పూడేదాకా చూస్తూ కూచునేది. వాళ్లమ్మ కాళ్ల మీద గుంట ఇట్లనే నిలిచేదట. అట్లా చూసి చూసి ఒకరోజు నా మంచం పక్కనే కొంగు చాపి సమ్మక్క సారలమ్మలకు మొక్కుకుంది. "అమ్మా, నా కోడలి ఒంట్ల నీరు నువ్వే గుంజుకో. జాతరకొచ్చి నా కోడలెత్తు బంగారం ఇస్త."

మేడారం జాతరలో బంగారమంటే బెల్లమే. మనిషిని తరాజులో కూచోబెట్టి, ఎంత తూగితే అంత బెల్లం అమ్మవార్లకు ఇవ్వడం మొక్కు. ఆ మాఘంలో జాతర ఉంది. మా ఆయన గుమాస్తా బుద్ధి ఊరుకోక, "అమ్మా, ఏ బరువు? ఇప్పటిదా, నీరు పోయినంక ఉండేదా?" అని అడిగాడు. అత్తమ్మ ఆయన వైపు చూసిన చూపుకు ఆయన మళ్లీ ఆ మాటెత్తలేదు.

కుట్లు విప్పించుకునే రోజు వచ్చింది. ముగ్గురం ఆటోలో పోయాం. డాక్టరమ్మ కుట్లు చూసి బాగుందంది. తర్వాత నా కాలు ఒత్తి చూసి కనుబొమలు ముడిచింది. "ఈపాటికి చాలావరకు పోయుండాలే. తూకం కూడా తగ్గలేదు. ఏం తింటున్నారు?"

నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ ముందుకొచ్చింది. ఇన్నాళ్లు తను పడ్డ కష్టం చెప్పుకునే అవకాశం ఇప్పటికి దొరికింది ఆమెకు. పప్పు పెట్టలేదని, పెరుగు ముట్టనీయలేదని, నీళ్లు పూటకు అరగ్లాసు మించి ఇవ్వలేదని, రెండు పూటలా పాత చింతకాయ తొక్కే పెట్టానని, కోడలు కూడా బుద్ధిగా తిన్నదని గర్వంగా చెప్పింది.

డాక్టరమ్మ నవ్వింది. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక నవ్వింది. "అమ్మా, ఆ తొక్కులో ఉప్పు ఎంతుంటుంది?"

"మస్తుంటది. ఉప్పుంటేనే గద నిలుస్తది."

"ఉప్పు ఎక్కడుంటే నీరు అక్కడే ఉంటుందమ్మా. వానాకాలం మీ ఉప్పు డబ్బా తడిసిపోదూ? ఈమె ఒళ్లూ అంతే. మీరు పూటపూటా ఉప్పు పెట్టి ఆ నీటిని పోనీయకుండా పట్టి ఉంచారు. నీళ్లు ఇవ్వకపోతే ఒళ్లు ఇంకా భయపడి ఉన్నదాన్నే దాచుకుంటుంది. తొక్కు మానేయండి, నీళ్లు ఇవ్వండి. అదే పోతుంది."

నాకు భలే సంతోషమేసింది. గెలిచాను కదా! ఆటోలో అత్తమ్మను ఏమేమి అనాలో వరసగా అనుకుంటూ తల తిప్పాను. అత్తమ్మ కళ్లు బయట ఎటో ఉన్నాయి. ఆబిడ్స్ దుకాణాలు, జనం, ఏదీ ఆమె చూడడం లేదు. ఎండ మొహం మీద పడుతున్నా కొంగు కప్పుకోలేదు. నేనే నా కొంగు ఎత్తి ఆమె మొహానికి ఎండ అడ్డుపెట్టాను.

ఇంటికి రాగానే వంటింట్లోకి పోయి, పెద్ద చెంబు నిండా నీళ్లు ముంచుకొచ్చి నా చేతికిచ్చింది. నేను గటగటా తాగాను. ఊపిరి తీసుకోకుండా తాగాను. చెంబు దించి చూస్తే ఆమె నేల మీద కూచుని ఉంది.

"మా అమ్మకు గూడ గదే పెట్టిన," అంది.

నాకు అర్థం కాలేదు. 

"ఇంట్ల నేనే పెద్దదాన్ని. పెద్దోళ్లు గట్లనే చెప్పిన్రు. నీళ్లు ఇయ్యకు, తొక్కు పెట్టు అన్నరు. అమ్మ నీళ్లు నీళ్లు అని అడిగేది. నేను కుండ మీద మూత పెట్టి, దానిమీద కూసున్న. బతకాలె గద అని."

ఇన్నేళ్లలో ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, కొడుక్కి కూడా. నేను మంచం దిగి, కుట్లు పట్టుకుని, ఆమె పక్కన నేల మీద కూచున్నాను. ఆమె మీద నాకు అంతకుముందు ఎప్పుడూ అంత ప్రేమ కలగలేదు. "రేపు డాక్టరమ్మను అడుగుతా" అన్నాను. మర్నాడు మా ఆయనతో కలిసి అడిగాను కూడా. డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. "చూడని మనిషి రోగం నేను చెప్పలేను. కానీ కాళ్ల నుంచి మొహం దాకా ఎక్కిందంటే అది గుండెదో కిడ్నీలదో అయ్యుంటుంది. నీళ్లు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ రోజుల్లో ఆమెను ఎవరూ బతికించేవాళ్లు కాదు. చిన్నపిల్ల వల్ల పోలేదని చెప్పండి." నేను వచ్చి ఆ మాటలు అలాగే చెప్పాను. అత్తమ్మ విని, "ఔ" అంది. నమ్మిందో లేదో తెలియలేదు.

తొక్కు జాడీ అటక ఎక్కింది. కుండ మళ్లీ నా మంచం పక్కకొచ్చింది. ఇంక చూడండి నా అవస్థ! కట్ట తెగినట్టు మొదలైంది. మా ఇంట్లో బాత్రూము పెరటి చివర, రెండు వాటాలకూ కలిపి ఒకటే. పొద్దుటి నుంచి రాత్రి దాకా నాకు ఆ పెరట్లోనే సరిపోయేది. టీచరమ్మ వాళ్లు బకెట్లు పట్టుకుని నిలబడితే, నేను "మన్నించాలి" అంటూ మళ్లీ దూరేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అత్తమ్మకు మాత్రం అంతకంటే శుభవార్త లేదు. నేను బయటికి రాగానే వాకిట్లోంచే, "పోయిందా బిడ్డా? మంచిగ పోయిందా?" అని కేకేసేది. నేను తలాడిస్తే అటు తిరిగి ముందు వాటాకు వినపడేలా, "టీచరమ్మా, ఇయ్యాల్ల మస్తు పోయింది!" అని చాటింపు వేసేది. టీచరమ్మ లోపలి నుంచి "దేవునికి స్తోత్రం" అనేది. సందులో కూరగాయల బండివాడు కూడా ఒకరోజు "ఇప్పుడు ఎట్లుంది అమ్మా నీరు?" అని అడిగాడు. ఇంక నాకు దాచుకోవడానికి ఏం మిగిలింది?

నడవమన్నారు కాబట్టి సాయంత్రాలు అత్తమ్మా నేనూ మెల్లగా నాంపల్లి స్టేషన్ దాకా పోయేవాళ్లం. ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలైంది, ఎటు చూసినా జనమే. స్టేషన్లో రంగుల దీపాలు తిరిగే తూకం మిషన్ ఉండేది. పైకెక్కి బిళ్ల వేస్తే గట్టి కాగితం ముక్క పడుతుంది, ఒకవైపు బరువు, ఇంకోవైపు జాతకం. బరువు తగ్గిందని చెబితే అత్తమ్మ మొహం వెలిగేది. జాతకం కూడా చదవమనేది. ఒకసారి "మీ శత్రువులు మీకు దాసోహమగుదురు" అని వచ్చింది. "శత్రువులెవ్వలే? నేనేనా?" అంది. "ఇంకెవరున్నారు ఇంట్లో" అన్నాను. ఎంత పెద్దగా నవ్విందంటే, రైలు కోసం పరిగెత్తేవాళ్లు కూడా ఆగి చూశారు. ఆమె వెక్కిరింతలు మళ్లీ మొదలయ్యాయి. "బుగ్గలున్నప్పుడు ఒక ఫోటో దిగితే అయిపోయేది, మళ్ల రావు అవి" అనేది. తిరిగి వేసుకున్న నా గాజులు మళ్లీ మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి. ఒక పొద్దున ఆమె నా కాలు ఒత్తి చూస్తే గుంట పడలేదు. మళ్లీ ఒత్తింది. ఇంకో కాలు ఒత్తింది. అప్పుడు లేచి పోయి టీ పెట్టింది.

జాతర దగ్గర పడ్డాక ముగ్గురం ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం దుకాణానికి పోయాం. నాలాంటి మొక్కులవాళ్లు అప్పటికే చాలామంది ఉన్నారు. చంటిపిల్లలు, కొత్త పెళ్లికొడుకులు, ఒక పెద్ద పొట్టాయన కూడా. ఆయన వంతు వచ్చినప్పుడు గొలుసులు కిర్రుమన్నాయి, అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. తర్వాత నన్ను ఎక్కించారు. గొలుసులకు వేలాడే పళ్లెంలో బాసింపట్టు వేసుకుని కూచున్నాను. అటువైపు దుకాణపాయన బెల్లం దిమ్మెలు ఒక్కొక్కటే పెట్టాడు. నేను మెల్లగా నేల విడిచి లేచాను. ఆపరేషన్ ముందున్న బరువు కంటే కూడా కాస్త తక్కువే తూగాను.

"బరాబర్ అయింది, దిగమ్మా," అన్నాడు దుకాణపాయన.

నేను దిగబోయాను. "ఆగు బిడ్డా," అంది అత్తమ్మ. నా పక్కకు వచ్చి నిలబడి, నేను కూచున్న పళ్లెం అంచు మీద చెయ్యి పెట్టి కిందికి ఒత్తింది. నా పళ్లెం కిందికి దిగింది, బెల్లం పైకి లేచింది.

"చెయ్యి దియ్యాలె అమ్మా, తూకం తప్పుతది," అన్నాడు ఆయన.

"తప్పనీ. ఇంక పెట్టు."

"అయిపోయింది గద? ఇంక ఎవరిది?"

"మా అమ్మది," అంది అత్తమ్మ. "గామెకు మొక్కెటోళ్లు ఎవ్వలు లేకుండె. నేనొక్కదాన్నే ఉంటి, నాకు తెల్వకపాయె."

దుకాణపాయన ఆమె మొహం చూశాడు. ఒక దిమ్మె ఎత్తి పెట్టాడు. తరాజు కదల్లేదు. ఇంకోటి పెట్టాడు. అత్తమ్మ చెయ్యి అట్లాగే ఉంది, ముంజేతి మీద నరాలు తేలాయి. వెనక వరసలో ఉన్నవాళ్లు ఎవరూ తొందర పెట్టలేదు. నేను ఆమె చేతి మీద నా చెయ్యి వేసి, బలమంతా పెట్టి నేనూ ఒత్తాను.

"ఇంకోటి పెట్టండి," అన్నాను.